ఒరేయ్, ఫోకస్ బాగానే ఉంది

ఆ మెసేజ్ మొదట మా బావమరిది పంపాడు. రెండోసారి ఇంజనీరింగ్ బ్యాచ్ గ్రూపులో వచ్చింది. మూడోసారి మా అపార్ట్‌మెంటు గ్రూపులో, నీళ్ళ ట్యాంకరు ఎప్పుడొస్తుందన్న ప్రశ్నకీ లిఫ్టు రిపేరు నోటీసుకీ మధ్య ఇరుక్కుని కనబడింది. అప్పటికీ ఊరుకున్నాను. నిన్న రాత్రి పదకొండున్నరకి మా మేనత్త కొడుకు “బావా, నీకు సినిమాల పిచ్చి కదా, ఇది చూశావా? నువ్వు కొన్న డిస్కులన్నీ బూడిదలో పోసిన పన్నీరేనట” అని నాలుగోసారి పంపాడు. ఇక నిద్ర ఎక్కడిది?

చూడని అదృష్టవంతుల కోసం ఆ మెసేజ్ సారాంశం. “4కే పేరుతో నిలువు దోపిడీ, కొనేముందు చదవండి” అని శీర్షిక. దాని కింద ఎర్ర సైరన్ బొమ్మలు మూడు. దోపిడీకి ఉదాహరణగా ఎత్తుకున్న సినిమా రాబర్ట్ ఆల్ట్‌మన్ 1971లో తీసిన ‘మెకేబ్ అండ్ మిసెస్ మిల్లర్’. పాత సినిమాల్ని డిస్కులుగా వేసే క్రైటీరియన్ అనే అమెరికా కంపెనీ వాళ్ళు 4కేలో రెస్టోర్ చేసి, అంటే ఫిల్మును స్కాన్ చేసి శుభ్రపరిచి, 2016లో బ్లూరేగా, 2024లో 4కే డిస్కుగా వదిలిన సినిమా. అందులో ఇన్ని ఘోరాలు జరిగాయట: బొమ్మంతా మసక, రంగులు వెలిసిపోయాయి, పాత డీవీడీయే నయం. తెర నిండా నుసి. పైనా కిందా నల్లపట్టీలు పెట్టి బొమ్మని కోసేశారు. మాటలు వినబడవు, శబ్దం ఒక్క స్పీకర్లోంచే వస్తుంది. సంబంధం లేని పాటలు అతికించారు. ఊరి సెట్టు సగమే కట్టి వదిలేశారు, అసలది కౌబాయ్ సినిమానే కాదు. చివర్లో మంచు సీను ఒక్కటే శుభ్రంగా ఉంది కాబట్టి మిగతాది కావాలనే పాడుచేశారు. ఇండియాలో ప్లే కూడా అవదు. అన్నిటికీ విరుగుడుగా టీవీలో మార్చుకోవాల్సిన సెట్టింగులు కొన్ని, “మేము ఏఐతో బాగుచేసిన ప్రింటు” అని ఒక లింకు. కింద సంతకం: “ఒక సినిమా టెక్నీషియన్”.

నల్లపట్టీల గొడవ ముందు తేల్చేస్తాను. సినిమా తీసిందే స్కోప్‌లో. ఎత్తు ఒకటనుకుంటే వెడల్పు దాదాపు 2.4. మన టీవీలో ఆ వెడల్పు 1.78. పెద్ద దుప్పటిని చిన్న మంచం మీద మడత లేకుండా పరవమంటే ఎలా? బాగుచేసిన ప్రింటులో పట్టీలు లేని మాట నిజమే. వాటితో పాటు బొమ్మలో నాలుగోవంతు కూడా ఎగిరిపోయింది. పేకాట బల్ల చుట్టూ కూచున్నవాళ్ళలో చివరివాడికి భుజం ఒకటే మిగిలింది, తల గోడవతల ఎక్కడో ఉంది.

పాటల విషయానికొస్తే, గాయకుడు లెనార్డ్ కోయెన్ వాటిని ఈ సినిమా కోసం రాయలేదు, 1967 నాటి ఆల్బంలోవి. ఆ ముక్క వరకూ ఒప్పే. అయితే వాటిని తెచ్చిపెట్టింది 2016లో కంప్యూటర్ల ముందు కూచున్న కుర్రాళ్ళు కాదు, 1971లో ఆల్ట్‌మనే. వానలో బొచ్చుకోటు కప్పుకుని హీరో మెకేబ్ గుర్రం మీద కొండెక్కి వస్తుంటే మొదటి పాట మొదలవుతుంది. ఆ పాట లేకుండా ఆ మనిషి ఊళ్ళోకి వచ్చినట్టే ఉండదు. తర్వాతిది.

సగం కట్టిన సెట్టు. దీనికి మాత్రం కోపం కన్నా ముందు నవ్వొచ్చింది. ఆ ఊరు సగమే కట్టి ఉండటం కథలో భాగమండీ! ప్రెస్బిటేరియన్ చర్చ్ అనే ఆ గనుల ఊరు సినిమా మొదట్లో నాలుగు గుడారాలు, రెండు చెక్క ఇళ్ళు, ఒక చర్చి శిఖరం. చివరికి వీధులొస్తాయి, స్నానాల ఇల్లు వస్తుంది, మిసెస్ మిల్లర్ నడిపే వేశ్యల ఇల్లు వస్తుంది. కథ 1902 నాటి వాషింగ్టన్ రాష్ట్రంలో జరుగుతుంది గానీ, కెనడాలో వాంకూవర్ పక్క కొండ మీద ఆర్ట్ డైరెక్టర్ లియాన్ ఎరిక్సన్ ఆధ్వర్యంలో ఊరుని నిజంగానే కడుతూ, కథ ఏ వరసలో నడుస్తుందో ఇంచుమించు అదే వరసలో షూటింగ్ చేసుకుంటూ పోయారు. వెనకాల దూలం మోస్తూ కనబడేవాళ్ళు ఎక్‌స్ట్రాలు కాదు, ఆ కాలపు బట్టలు తొడిగించిన అసలు వడ్రంగులు. వాళ్ళలో వియత్నాం యుద్ధానికి పోమని సరిహద్దు దాటి వచ్చేసిన అమెరికా కుర్రాళ్ళూ ఉన్నారు. కెమెరా తిరుగుతూంటే వాళ్ళ పాటికి వాళ్ళు మేకులు కొట్టుకున్నారు. కథతో పాటు ఇల్లు లేవడం ఇంకే సినిమాలో చూశారు? దాన్ని ‘సెట్టు పూర్తి చేయలేదు’ అన్నవాడు గర్భిణిని చూసి పిల్లాడేడని అడుగుతాడు.

కౌబాయ్ సినిమానే కాదట. ఆల్ట్‌మన్‌కి ఈ మాట వినబడితే సంతోషించేవాడు, ఆయన కోరుకున్నదీ అదే. సరిగ్గా అదే ఏడాది, 1971 ఆగస్టులో, మనకి ‘మోసగాళ్ళకు మోసగాడు’ వచ్చింది. దేశంలో మొదటి కౌబాయ్ సినిమా అని ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటాం. అందులో రాజస్థాన్ ఎండ, ఇసుక, కాలరెత్తిన కృష్ణ, నిధి వేట. ఇందులో వాన, బురద, లెక్కలు సరిగా రాని ఒక జూదరి, అతనికి లెక్కలు నేర్పే ఆడమనిషి, ఊరంతా కొనేస్తానని వచ్చే గనుల కంపెనీ. 2023 మే 31న కృష్ణగారి జయంతికి ఆ సినిమా 4కేలో మళ్ళీ థియేటర్లకి వచ్చినప్పుడు నేను మొదటి ఆటకే వెళ్ళాను. ఎర్రటి ఎండలో ఇసుక మెరుస్తుంటే ఈలలు వేసినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ సినిమాకి ఆ తళతళే అందం. ఇదే తళతళ ఇంకో సినిమాకీ పూయాలంటే మాత్రం ఒప్పుకోను.

శబ్దం దగ్గర కాస్త తగ్గుతాను. ఒక్క స్పీకర్ శబ్దం, అంటే మోనో, అన్నది తప్పు కాదు, సినిమా పుట్టింది మోనోలోనే. డిస్కులో ఇచ్చింది ఆ ఒరిజినల్ ట్రాకునే. ఐదు స్పీకర్లకీ పని కల్పించడానికి లేని గుర్రపు డెక్కల చప్పుడు వెనక స్పీకర్లో వేయలేదు, అంతే. మాటలు వినబడవన్నది మాత్రం అబద్ధం కాదు. ఆల్ట్‌మన్ సినిమాల్లో ఒకడు మాట్లాడుతుంటే ఇంకొకడు ఆగడు. పెళ్ళి భోజనాల బంతిలో కూచున్నట్టు నాలుగు వైపుల నుంచీ మాటలు, మీరు చెవి ఎటు పెడితే అటు వినాలి. ఆయన ఉద్దేశం అదే. కానీ ఈ సినిమా మొదటి ఇరవై నిమిషాల్లో ఆ ఉద్దేశం కాస్త శ్రుతి మించిందని నా అభిప్రాయం. హీరో వారెన్ బేటీ కూడా శబ్దం గురించి సణిగినవాడే. మొదటిసారి చూసినప్పుడు నేను అరగంటకి ఆపేసి పడుకున్నాను. ఇప్పటికీ సబ్‌టైటిల్స్ పెట్టుకునే చూస్తాను, సిగ్గేం లేదు. కాబట్టి మెసేజ్ రాసినాయనా, ఇక్కడ నీకు సగం మార్కులు. మిగతా సగం ఆల్ట్‌మన్ ఖాతాలోంచి తీయాల్సింది డిస్కు ఖాతాలోంచి తీసినందుకు కట్.

ఇక నా నిద్ర చెడగొట్టిన అసలు సంగతి. మసక, నుసి, దానికి విరుగుడు.

మా నాన్న తెనాలి దగ్గర ఒక టూరింగ్ టాకీస్‌లో ఆపరేటరు. చిన్నప్పుడు ఆయనకి అన్నం క్యారేజీ పట్టుకెళ్ళడం నా డ్యూటీ. తెర మీద బొమ్మ కాస్త మెత్తగా కనబడితే చాలు, నేల క్లాసులోంచి “ఒరేయ్ ఫోకస్సూ!” అని కేక, వెనకే ఈలలు. నాన్న విసుక్కునేవాడు కాదు. లెన్సు మీద చెయ్యి వేసి, కన్ను చికిలించి, తెర మీద దేన్నో వెతికేవాడు. హీరోయిన్ మొహాన్ని చూస్తున్నాడని నేననుకునేవాణ్ణి. ఒకరోజు అడిగితే చెప్పాడు: “మొహం చూసి ఫోకస్ పెట్టకూడదురా. కెమెరా వాడే మొహం మెత్తగా తీసుంటాడు. గ్రెయిన్ చూడాలి. ఫిల్ము గింజ కదులుతూ కనబడిందంటే మన ఫోకస్ సరిగ్గా ఉన్నట్టే. ఇక ఎంత అరిచినా లెన్సు తిప్పకూడదు.”

ఏ పుస్తకంలోనూ ఇంతకన్నా సూటిగా చదవలేదు. ఆ మెసేజ్ ‘నుసి’ అని తిట్టింది ఈ గింజనే. ఫిల్ము మీద బొమ్మంటే ఆ గింజల పోగే, బియ్యం లేకుండా అన్నం లేదు. అది చిన్నగా, చురుగ్గా, ఫ్రేము ఫ్రేముకీ కదులుతూ కనబడుతోందంటే స్కానింగ్ బాగా చేశారని అర్థం. పాత డీవీడీలో గింజ కనబడలేదంటే ఎందుకు కనబడుతుంది? అక్కడ వెడల్పు 720 చుక్కలు, ఎత్తు 480. బ్లూరేలో 1920, 1080. లెక్కేస్తే ఆరు రెట్లు. కళ్ళజోడు తీసేసి అద్దంలో చూసుకుని, మొహం మీద ముడతలు పోయాయని మురిసిపోయినట్టుంది యవ్వారం.

ఇక మసక. ఇది డిస్కు మీద పట్టిన మసక కాదు, సినిమా తీసేటప్పుడే డబ్బు ఖర్చుపెట్టి కొనుక్కున్న మసక. కెమెరామన్ విల్మోస్ జిగ్మండ్. 1956 హంగరీ తిరుగుబాటుని వీధుల్లో ఫిల్ముకెక్కించి, ఆ డబ్బాలు మోసుకుని స్నేహితుడు లాస్లో కొవాచ్‌తో సరిహద్దు దాటి వచ్చిన మనిషి. నెగెటివ్ విలువేమిటో ఆయనకి మనం చెప్పక్కర్లేదు. ఆల్ట్‌మన్ ఆయన్ని అడిగింది పాతబడిపోయిన ఫోటోల్లాంటి బొమ్మ. దానికి లెన్సు ముందు పొగమంచు కమ్మినట్టు చూపించే ఫాగ్ ఫిల్టర్లు పెట్టారు. అంతటితో ఆగలేదు, నెగెటివ్‌నే ‘ఫ్లాష్’ చేశారు.

ఫ్లాష్ అంటే ఫోటోగ్రాఫర్ కొట్టే మెరుపు కాదు. ఫిల్మును డెవలప్ చేయకముందే దాని మీద విడిగా కాస్తంత వెలుతురు పడనిస్తారు. అందులో బొమ్మంటూ ఉండదు, అంతటా సమానంగా పడే సన్నటి వెలుతురు. బాగా వెలుగున్న చోట ఆ పిసరు కలిసినా తేడా తెలియదు. తెలిసేది నీడల్లో. నలుపు విరిగి బూడిదరంగవుతుంది, చీకట్లో దాగిన వస్తువు మెల్లగా బయటికొస్తుంది, రంగులు పొగరు తగ్గి ఒకదాంట్లో ఒకటి కలుస్తాయి. డికాక్షన్‌లో పాలు పోసినట్టు. ప్రింటు వేసేటప్పుడు చేసినా ఇలాంటి తేడా కొంత తేవచ్చు. అలా చేస్తే స్టూడియో పెద్దలు సినిమా చూసి “ఇదేంటయ్యా ఇంత మబ్బుగా ఉంది” అని ఇంకో మామూలు ప్రింటు వేయించుకోవచ్చు. ఆ భయంతోనే నెగెటివ్‌లో కలిపేశారు. పాలు పోసిన డికాక్షన్‌ని ఎవడొచ్చి విడదీస్తాడో చూద్దామని.

యాభై ఏళ్ళు ఎవడూ రాలేదు. ఇప్పుడు మన టెక్నీషియన్‌గారు లింకుతో సహా వచ్చారు.

ఆ లింకు నొక్కాను, ఒప్పుకుంటున్నాను. నాలుగు నిమిషాల ముక్క. మిసెస్ మిల్లర్ ఊళ్ళో దిగిన రోజు, మెకేబ్ ఎదురుగా కూచుని తినే సీను. నాలుగు గుడ్లు, స్టూ, టీ తెప్పించుకుని, ప్రయాణం ఆకలితో ఆవురావురుమని తింటూ, ‘నువ్వు వ్యాపారం ఎందుకు చేయలేవో చెబుతా విను’ అన్నట్టు అతనికి పాఠం చెబుతుంది. జూలీ క్రిస్టీకి ఈ పాత్రకి ఆస్కార్ నామినేషన్ వచ్చింది. అసలు డిస్కులో ఆ గది ఎలా ఉంటుందంటే, నూనె దీపం చుట్టూ పసుపు కాంతి మెత్తగా వ్యాపించి ఉంటుంది. వెనక చెక్క గోడ, దాని మీద పొగచూరు, ఇంకాస్త లోపల ఇటే చూస్తున్న వాళ్ళ మొహాలు, అన్నీ చీకట్లోనే ఉన్నా తెలుస్తుంటాయి. పరాయి ఆడమనిషి తినడాన్ని ఊరు ఊరంతా చూస్తోందని అర్థమవుతుంది.

బాగుచేసిన ప్రింటులో? పచ్చసొన టీవీ షాపులో డెమో వీడియోలా మెరిసింది. దీపం బల్బయింది. వెనక గోడ లేదు, మనుషులు లేరు, తారు పూసినట్టు నలుపు. గింజ తీసేశారు కదా, దాంతో పాటు చర్మం కూడా పోయింది. జూలీ క్రిస్టీ బుగ్గలు నున్నగా, మైనంతో పోసినట్టు, నములుతుంటే కదలాల్సిన ముడత కదలకుండా. ఏఐ తనకి తెలియని చోట ఊహించి గీస్తుంది. ఆ ఊహలో మెకేబ్ గడ్డం వెంట్రుకలు బ్రష్షు పళ్ళలాగా వరసకట్టాయి. ఒకచోట ఫోర్కుకి ఐదో పన్ను మొలిచి, తర్వాతి ఫ్రేములో రాలిపోయింది. శభాష్. ఎవరికైనా పంటి వైద్యుడి అవసరం ఉంటే ఆ లింకు దాచుకోండి.

నవ్వులాటకి అన్నా, నా బాధ ఇక్కడే. పట్టీల గురించి తప్పు రాస్తే ఎవరికీ నష్టం లేదు. కానీ ఈ లింకుని నాలుగు గ్రూపుల్లో నలుగురు నమ్మి చూశారంటే, వాళ్ళకి ఆ సినిమా అదే. ‘చూశాను, ఏముంది అందులో’ అంటారు. అసలుది ఎప్పటికీ చూడరు. స్టూడియో నుంచి కాపాడుకున్నదాన్ని అభిమానం పేరుతో చెరిపేయడం ఏ రకం సేవో నాకర్థం కాదు.

టీవీ సెట్టింగుల సలహా దీనికి తమ్ముడే. షార్ప్‌నెస్ వందకి పెట్టాలట. షార్ప్‌నెస్ పెంచితే టీవీ కొత్త వివరమేమీ తేదు, ఉన్న అంచుల చుట్టూ తెల్ల గీత గీస్తుంది. నాయిస్ రిడక్షన్ ‘హై’. పైన చెప్పిన మైనం బుగ్గలు ఇంట్లోనే తయారు. మోషన్ స్మూతింగ్ ఆన్. సెకనుకి 24 ఫ్రేములున్న సినిమాకి మధ్యమధ్య లేని ఫ్రేములు పుట్టించి, 1902 నాటి బురద వీధిని డైలీ సీరియల్‌లా చూపిస్తుంది. దీన్ని ఆపేసుకోండయ్యా అని 2018లో టామ్ క్రూజ్ అంతటివాడు వీడియో తీసి మరీ మొత్తుకున్నాడు. మీ టీవీలో ‘ఫిల్మ్‌మేకర్ మోడ్’ ఉంటే అది నొక్కండి. లేకపోతే ‘సినిమా’ అని ఉంటుంది, అది నొక్కి రిమోట్ పక్కన పెట్టండి.

“అయితే ‘మాయాబజార్’కి రంగులు వేసినప్పుడు మీరెక్కడున్నారు?” అని మా బ్యాచ్‌లో ఒకడు అప్పుడే అడిగేశాడు. థియేటర్‌లోనే ఉన్నాను. 2010లో అమ్మని తీసుకెళ్ళాను. కెమెరామన్ మార్కస్ బార్ట్లే తెలుపు నలుపుల్లో పట్టిన వెన్నెలకి నీలం పూయడం ఏమిటని ఇంటి దగ్గర గంటసేపు ఉపన్యాసం ఇచ్చి మరీ వెళ్ళాను. ఘటోత్కచుడు లడ్డూల మీద పడేసరికి హాలంతా లేచి కూచుంది. అమ్మ నా చెయ్యి పట్టుకుని నవ్వుతూనే ఉంది. నేనూ చప్పట్లు కొట్టాను. వంద పేజీల సిద్ధాంతం ఉన్నా ఆ సాయంత్రాన్ని కాదనలేను. కాకపోతే ఆ పోస్టర్ మీద రంగుల్లో అని రాసే అమ్మారు. నలుపు తెలుపు సినిమా ఎక్కడికీ పోలేదు, కావాలంటే అదీ చూడొచ్చు. ఈ మెసేజ్‌ది ఆ పద్ధతి కాదు. అసలుదాన్ని మోసమనీ, తను గీసినదాన్ని అసలనీ అంటోంది. ‘మా ఏఐ ముచ్చటగా చేసిన తమాషా’ అని రాసి పంపితే నేనూ ఓ థంబ్ పెట్టి ఊరుకునేవాణ్ణి.

మంచు సీను సంగతి మిగిలింది. సినిమా చూడనివాళ్ళు ఈ పేరా వదిలేయండి. ఊరంతా చర్చికి అంటుకున్న మంటలార్పడానికి పరుగెడుతూంటే, ఇవతల మెకేబ్ తనని చంపడానికొచ్చిన ముగ్గురితో ఒంటరిగా మోకాళ్ళలోతు మంచులో దోబూచులాడతాడు. షూటింగ్ చివర్లో నిజంగానే మంచు పడింది. ఒకసారి మొదలుపెట్టాక కరిగిపోతే కంటిన్యుటీ ఏం కాను అని బేటీ తటపటాయించాడు, ఎలాగూ మిగిలినవి ఇవే సీన్లు కదా కానీయమన్నాడు ఆల్ట్‌మన్. ఆ సీనులో బొమ్మ గట్టిపడుతుంది, చల్లబడుతుంది. దీపాల పసుపు లేదు, పాట లేదు. గాలి, మధ్యమధ్యలో తుపాకీ. మెసేజ్ రాసినాయన ఈ తేడా పట్టుకున్నాడు! అందరూ గమనించేది కాదు. ఆపకుండా చివరిదాకా చూశాడన్నమాట, అందుకు ఆయన మీద నాకు కొంత గౌరవం కలిగింది. డిస్కు పాడైతే ఈ సీనూ పాడవ్వాలి కదా, కాబట్టి మిగతాది “కావాలనే” మసగ్గా చేశారన్నాడు. నూటికి నూరు మార్కులు. కావాలనే చేశారు. ఎవరు, ఎప్పుడు అన్న రెండు ఖాళీలే తప్పుగా పూరించాడు.

ఇంకొకటి కూడా న్యాయంగా చెప్పాలి. రెస్టొరేషన్ అంటే దైవవాక్కు కాదు. దుమ్ము, గీతలు, ఒణుకు తీయడం వరకు యంత్రం, కంటి చూపు సరిపోతాయి. రంగు ఎంత అన్నది చివరికి ఒక మనిషి నిర్ణయం. జిగ్మండ్ 2016 జనవరి 1న పోయాడు, బ్లూరే అదే ఏడాది అక్టోబర్లో వచ్చింది. ఫలానా గదిలో పసుపు ఒక పాలు ఎక్కువైందని ఎవరైనా అంటే కూచుని వాదించుకోవచ్చు, నాకూ ఒకట్రెండు చోట్ల అనుమానమే. కానీ ఆ వాదన చేయడానికి ముందు ఆ పసుపు అక్కడ ఉండాల్సిందేనని తెలిసుండాలి. పసుపు కొంచెం ఎక్కువైందన్నవాడితో మాట్లాడొచ్చు. మొత్తం కడిగేశాను, ఇప్పుడు బాగుంది చూడండి అన్నవాడితో ఏం మాట్లాడతాం?

ఇండియాలో ప్లే అవదన్న పాయింటు వదిలేద్దామనుకున్నాను. మా ఆవిడ వెనక నుంచి చదువుతూ “అదీ రాయండి” అంది. రాస్తున్నాను. అది నిజం. అమెరికా బ్లూరేలకి రీజియన్ ‘ఏ’, మనది ‘సీ’. మా తోడల్లుడు డాలస్ నుంచి వస్తూ నా కోసం ఆ బ్లూరే సూట్‌కేసులో ఆవకాయ ఖాళీ సీసాల మధ్య దాచి తెచ్చాడు. హారతి పళ్ళెంలా రెండు చేతులతో పట్టుకెళ్ళి ప్లేయర్లో పెట్టాను. ‘ఈ డిస్కు ఈ ప్రాంతంలో ప్లే చేయబడదు’ అని వచ్చింది. పెట్టె వెనకాల అచ్చేసే ఉంది, చూసుకోకపోవడం నా బుద్ధి తక్కువ. ఆర్నెల్లు అది అరలో అలంకారంగా ఉంది. 4కే డిస్కులకి ఈ రీజియన్ తాళం లేదు, 4కే ప్లేయర్ ఉన్నవాళ్ళు అది తెప్పించుకోండి. నేను మాత్రం అన్ని రీజియన్లూ ఆడే ప్లేయర్ కొన్నాను. ఎంతకి కొన్నానో మాత్రం రాయనక్కర్లేదంది మా ఆవిడ, ఆ మాట అన్న తీరులోనే ధర తెలిసిపోతోంది.

ఇదంతా కుదించి పొద్దున మేనత్త కొడుక్కి పంపాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి. పది నిమిషాలకి “ఇంత పెద్దది ఎవరు చదువుతారు బావా, షార్ట్‌గా చెప్పు” అన్నాడు.

షార్ట్‌గా అంటే, ఆదివారం సాయంత్రం ఇంటికి రా. గంటన్నర దాటాక, ఒక బిడియం కుర్రాడు మేజోళ్ళు కొనుక్కుందామని ఊగే వంతెన మీద నడిచొచ్చే సీను ఉంది, దాని తర్వాత మాట్లాడుకుందాం. మీ అక్క పకోడీలు వేస్తానంది. లైట్లు ఆర్పేస్తాను, సబ్‌టైటిల్స్ పెడతాను, ‘ఫోకస్సూ’ అని అరవాలనిపిస్తే అరువు. రిమోట్ మాత్రం నీ చేతికివ్వను.